పులి వదిలిన చర్మం, మనిషి వదిలిన పేరు: అందుకునేదెవరు?

923లో ఉత్తర చైనాలో లియాంగ్ రాజవంశం కూలిపోతున్న రోజుల్లో వాంగ్ యెన్‌జాంగ్ అనే సేనాని శత్రువుకు పట్టుబడ్డాడు. అప్పటికే అరవై దాటిన మనిషి. గెలిచిన రాజుకు అతని పరాక్రమం తెలుసు కాబట్టి తన కొలువులో చేరమని కబురు పెట్టాడు. పొద్దున ఒకరికి, సాయంత్రం ఇంకొకరికి ఊడిగం చెయ్యడం తన వల్ల కాదన్నాడు వాంగ్. చంపేశారు. నూరేళ్లు దాటాక ఆ కాలపు చరిత్ర రాసిన ఓయాంగ్ షియు, నిష్ఠ కోసం ప్రాణమిచ్చినవారికని ఒక అధ్యాయం కేటాయించి అందులో ముగ్గురికే చోటిచ్చాడు. మొదటివాడు వాంగ్. ఈయనకు చదువు రాదనీ, తరచూ ఒక నాటు సామెత అంటుండేవాడనీ కూడా రాశాడు: ‘చిరుత చస్తే చర్మం మిగులుతుంది, మనిషి చస్తే పేరు మిగులుతుంది.’

ఆ మాట సముద్రం దాటింది. జపాన్‌లో 1252 నాటి జిక్కిన్‌షో అనే నీతికథల సంకలనానికి వచ్చేసరికి చిరుత పోయి పులి చేరింది. జపాన్ అడవుల్లో పులీ లేదు, చిరుతా లేదు. కొరియా వాళ్లు చెప్పుకునేదీ పులి చర్మం గురించే. ఇలా ఒకే సామెత మూడు దేశాల్లో చలామణీ అవుతుండటంతో పరువు విషయంలో తూర్పు ఆసియా అంతా ఒకే మాట మీద ఉందనుకుంటాం. మన ఫోన్లలో తిరిగే ‘చైనా సామెతలు’, ‘జపాన్ సూక్తులు’ అన్నీ ఈ ధోరణిలోనే ఉంటాయి. ఇది పొరపాటు. పేరు మిగలాలన్న దగ్గర చైనా, జపాన్ ఒకటే. మిగిలిన పేరును అందుకునేదెవరన్న దగ్గర దారులు వేరైపోతాయి. చైనా సంప్రదాయంలో అది రక్తం వెంట నడుస్తుంది, జపాన్‌లో ఇంటి వెంట. ఈ తేడా పట్టుకుంటే తప్ప ఆ సామెతల్లో సగం అర్థం కావు.

ముందు ముఖం సంగతి, అంటే పరువు సంగతి. క్రీస్తుపూర్వం 202లో యుద్ధంలో ఓడిపోయిన చైనా సేనాని షియాంగ్ యూ నది ఒడ్డుకు చేరాడు. పడవవాడు దాటిస్తానన్నాడు. ఎనిమిది వేల మంది కుర్రాళ్లను ఆ నది దాటించి యుద్ధానికి తెచ్చాననీ, ఒక్కడూ తిరిగి రాలేదనీ, వాళ్ల తండ్రులకు ఏ మొహం పెట్టుకుని కనబడాలనీ అడిగి, అక్కడే ప్రాణం తీసుకున్నాడు. ‘ఏ మొహం పెట్టుకుని’ అనేది మన నుడికారం కాబట్టి ఇక్కడ వాడింది కాదు. మూలంలోనే ‘మియెన్ ము’, అంటే ముఖం, కళ్లు, అని ఉంది. అదే జంట అక్షరం జపనీస్‌లో ‘మెన్‌బొకు’ అయింది. నేటికీ తప్పు చేసిన పెద్దమనిషి ‘మెన్‌బొకు నయ్’, నాకు మొహం చెల్లడం లేదు, అని తల దించుతాడు.

చైనా భాషలో ముఖానికి రెండు మాటలున్నాయి: లియెన్, మియెన్‌జ. ఈ రెంటి తేడాను 1944లో హు షియెన్‌జిన్ అనే మానవశాస్త్రవేత్త విడమరిచి చెప్పింది. నలుగురిని విందుకు పిలిచి బిల్లు కట్టలేకపోతే పోయేది మియెన్‌జ. ఇది మన ‘పరపతి’కి దగ్గర: ఒకరికి ఇవ్వొచ్చు, అరువు తెచ్చుకోవచ్చు, పోగొట్టుకుని మళ్లీ సంపాదించుకోవచ్చు. స్నేహితుడిని మోసం చేసి దొరికిపోతే పోయేది లియెన్. అది లేనివాడిని ‘బు యావ్ లియెన్’ అంటారు. సిగ్గూ శరం లేదని మనం తిట్టే తిట్టు అంత బరువుగా ఉంటుంది. ‘మనిషికి ముఖం, చెట్టుకు బెరడు’ అనే సామెతలో ఉన్నది లియెన్, మియెన్‌జ కాదు. కొమ్మలు నరికినా చెట్టు చిగురిస్తుంది. మొదలు చుట్టూ బెరడు ఒలిచేస్తే మాత్రం ఆకులు వండిన ఆహారం వేళ్లకు దిగదు, మాను నిలువునా ఎండిపోతుంది. ఎవరో రైతు కళ్లారా చూసి చెప్పిన మాటలా ఉంటుంది.

ఇక కొనసాగింపు. చైనాలో వంశానికి వాడుక మాట ‘షియాంగ్‌హువొ’, అగరుబత్తి నిప్పు. కొడుకు లేకపోతే ఆ నిప్పు ఆరిపోయిందంటారు. పూర్వీకుల పేరు చెక్కిన పలక ముందు అగరుబత్తి వెలిగించే హక్కు ఆ ఇంటిపేరు గల మగవాడిదే. పిల్లలు లేకపోతే దత్తత తీసుకోవచ్చుగా అంటే, ఎవరిని పడితే వాళ్లను కుదరదు. తాంగ్ వంశపు శిక్షాస్మృతి ప్రకారం వేరే ఇంటిపేరు గల అబ్బాయిని దత్తత తీసుకుంటే ఏడాది కఠిన శ్రమ, ఇచ్చినవాడికి యాభై బెత్తం దెబ్బలు. మూడేళ్ల లోపు వదిలేసిన పసివాడికి మాత్రమే మినహాయింపు. ఇల్లరికపు అల్లుడి గతి ఇంకా అధ్వానం. క్రీస్తుపూర్వం 214లో చిన్ చక్రవర్తి దక్షిణాది మీదికి దండు పంపినప్పుడు పారిపోయి దొరికినవాళ్లు, వ్యాపారులతో పాటు ఇల్లరికపు అల్లుళ్లను కూడా ఏరి పంపాడు.

ఈ రక్తనియమం ఎంత గట్టిదో చూడాలంటే కన్ఫ్యూషియస్ వంశవృక్షం చూడాలి. ఇంటిపేరు కుంగ్. దాని తర్వాత ఏ తరానికి ఏ అక్షరం రావాలో పద్యంలా ముందే రాసి పెట్టారు. 75వ తరానికి షియాంగ్, 76కు లింగ్, 77కు ద, 78కి వేయ్, 79కి చుయ్. కమ్యూనిస్టులు రాకముందరి గణతంత్ర చైనాలో ఆర్థిక మంత్రిగా చేసిన కుంగ్ షియాంగ్‌షీ పేరు వినగానే 75వ తరమని తెలిసిపోతుంది. 2008లో తైవాన్‌లో కన్నుమూసిన కుంగ్ దచెంగ్ 77. అంటే మనం నోటితో కలుపుకునే వరుస వాళ్ల పేరులోనే ఉంది. ఐదేళ్ల పిల్లవాడి పేరులో పై తరం అక్షరం ఉంటే అరవై ఏళ్ల పెద్దాయనకు అతను చిన్నాన్న వరుస. ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక రాసే తెలుగువాళ్లకు ఈ లెక్క తేలిగ్గానే ఎక్కుతుంది. 2009లో ముద్రించిన కుంగ్ వంశావళిలో 20 లక్షలకు పైగా పేర్లున్నాయి. ఆడపిల్లల పేర్లు చేర్చింది అందులోనే, మొదటిసారి.

ఇంత పకడ్బందీ వంశాల దేశంలోనే ‘కలిమి మూడు తరాలు దాటదు’ అనే సామెత ఎందుకు పుట్టింది? మనవడి సోమరితనం అని అందరూ చెప్పే జవాబు. నా లెక్కలో అసలు కారణం భాగపంపకం. చైనాలో అన్నదమ్ములకు సమాన వాటాలు. తాతకు 90 మూ భూమి, అంటే సుమారు 15 ఎకరాలు ఉందనుకోండి. తరానికి ముగ్గురు కొడుకులైతే తండ్రి చేతికి ఐదెకరాలు, మనవడి చేతికి ఎకరా డెబ్బై సెంట్ల లోపు. మనవడు ఎంత బుద్ధిమంతుడైనా తాత కాలపు ఇల్లు నడపలేడు. రక్తం వంద తరాలు నడిచినా ఆస్తి ముక్కలు కాక తప్పదు. జపాన్‌లో ఇల్లూ వ్యాపారమూ ఒక్కరికే దక్కేవి, అందుకే అక్కడి సామెత పంపకాన్ని కాదు, వారసుడినే తప్పు పడుతుంది: మూడో తరంవాడు ‘ఇల్లు అమ్మబడును’ అని పలక రాస్తాడట, అదీ చైనా శైలి అందమైన దస్తూరీలో. దస్తూరీ దిద్దుకోవడానికి పోసిన డబ్బు ఏమైందో ఆ అక్షరాలే చెబుతాయి.

జపాన్‌లో పేరు నిలిచే చోటు నోరెన్, దుకాణం గుమ్మానికి వేలాడే గుడ్డ తెర. మొదట్లో చలిగాలి రాకుండా కట్టిన పరదా. తర్వాత దాని మీద ఇంటి గుర్తు అద్దారు, గుడ్డే పరువైపోయింది. ‘నోరెన్ కాపాడటం’ అంటే వ్యాపారాన్ని నిలబెట్టడం. పదేళ్ల వయసులో పనికి చేరిన కుర్రాడు గుమాస్తాగా ఎదిగి, ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేస్తే, యజమాని అదే పేరుతో వేరే దుకాణం పెట్టుకోనిచ్చేవాడు. ‘నోరెన్ వకె’, తెర పంచివ్వడం, అంటే అదే. రక్తం ఒక్క చుక్క కలవకుండా పేరు చేతులు మారింది. పాత దుకాణానికి వాళ్ల మాట ‘షినిసె’. ముందువాళ్లు చేసినట్టే చెయ్యడం అనే క్రియ నుంచి వచ్చింది. అందులో కొడుకు ప్రస్తావనే లేదు.

ఇంకో విశేషం. నేటి జపాన్ కంపెనీల లెక్కల పుస్తకాల్లో గుడ్‌విల్‌ను, అంటే సంస్థ పేరుకు కట్టే విలువను, ‘నోరెన్’ అనే రాస్తారు. అరవై కోట్ల నికర ఆస్తి ఉన్న సంస్థను వంద కోట్లకు కొంటే, ఆ నలభై కోట్లూ నోరెన్. జపాన్ ప్రమాణాల ప్రకారం దాన్ని గరిష్ఠంగా 20 ఏళ్లలో ఏటా కొంత చొప్పున తగ్గించేయాలి. ఇరవై ఏళ్లు పెట్టుకుంటే ఏటా రెండు కోట్లు. అంతర్జాతీయ ప్రమాణాల్లో, మన దేశపు లెక్కల ప్రమాణాలైన ఇండ్ ఏఎస్‌లో ఇలా ఏటా తగ్గించరు, విలువ పడిపోయిందా అని మాత్రం పరీక్షిస్తారు. కొన్న పేరు ఏటేటా అరుగుతుందని లెక్క కట్టే జపాన్ పద్ధతే నిజాయితీ గలదని నా అభిప్రాయం.

కొడుకు అసమర్థుడైతే? సమర్థుడైన అల్లుడిని దత్తత తీసుకుని ఇంటిపేరు ఇస్తారు, అతను ‘ముకోయోషి’. మనకు బాగా తెలిసినవాడు మారుతితో 1982లో ఒప్పందం చేసుకున్న ఒసాము సుజుకి. పుట్టింది మత్సుదా ఇంట్లో. సుజుకి స్థాపకుడి మనవరాలిని పెళ్లాడి ఆ ఇంటిపేరు తీసుకున్నాడు. ఆయన మామగారు, కంపెనీ రెండో ప్రెసిడెంట్, కూడా అలా వచ్చిన అల్లుడే. మన కోస్తా, రాయలసీమ జిల్లాల ఇల్లటం ఆచారం పైకి ఇలాగే కనిపిస్తుంది గానీ అక్కడ అల్లుడు మామ ఆస్తిలో కొడుకులా వాటా పొందినా ఇంటిపేరు మార్చుకోడు, పుట్టింటి హక్కూ పోదు. జపాన్ అల్లుడు పేరు సమర్పించుకోవాలి. ఆ బాధ అక్కడివాళ్లకూ తెలుసు: ‘మూడు గో తవుడుంటే చాలు, ఇల్లరికం పోవద్దు’ అన్నారు. గో అంటే సుమారు 180 మిల్లీలీటర్లు, మూడు కలిపితే అర లీటరు చిల్లర.

కబుకి నాటకరంగంలో ఇది ఇంకా స్పష్టం. ఇచికావా దన్‌జూరో అన్నది బిరుదులా తరాలుగా నడిచే పేరు. తొమ్మిదో దన్‌జూరో 1903లో పోయాడు, కొడుకు లేడు. బ్యాంకు ఉద్యోగిగా ఉన్న అల్లుడు ముప్పై ఏళ్లు వస్తుండగా రంగస్థలమెక్కాడు, ఇంటిని నిలబెట్టాడు, కానీ బతికుండగా ఆ పేరు పెట్టుకోలేదు. తన నటన దానికి చాలదని అందరికీ తెలుసు. 1956లో చనిపోయాకే అతన్ని పదో దన్‌జూరో అన్నారు. అతను దత్తత తెచ్చుకున్న వేరే నటవంశపు కొడుకు 1962లో పదకొండోవాడయ్యాడు. యాభై తొమ్మిదేళ్లు పేరు ఖాళీగా ఉంది. తగినవాడు దొరికేదాకా ఆపారు తప్ప చవక చెయ్యలేదు. 2022 నవంబరులో ఆ పేరు ధరించిన పదమూడోవాడు ఈ దత్తపుత్రుడి మనవడు. తొమ్మిదో దన్‌జూరో రక్తం వాళ్లలో లేదు. ‘మనిషి ఒక తరం, పేరు కడతరం వరకూ’ అనే జపాన్ సామెతను అక్షరాలా పాటించడమంటే ఇదే.

ఇప్పుడు రెండు దారులూ ఒకదాన్నొకటి దాటుతున్నాయి. ఒకే బిడ్డ నిబంధన 2015లో ముగిసేసరికి చైనాలో కోట్ల ఇళ్లలో కూతురొక్కతే వారసురాలు. జియాంగ్సు, జెజియాంగ్ ప్రాంతాల్లో ‘లియాంగ్ తొవ్ హున్’ అనే పెళ్లి పద్ధతి వచ్చింది: ఎవరూ ఎవరింటికీ వెళ్లరు, ఇద్దరు పిల్లల్ని కని ఒకరికి తండ్రి ఇంటిపేరు, మరొకరికి తల్లి ఇంటిపేరు పెడతారు. చిక్కల్లా రెండో బిడ్డ పుట్టకపోతేనే. అప్పుడు ఆ ఒక్క బిడ్డకు ఎవరి ఇంటిపేరు అన్న తగవు వియ్యంకుల మధ్యకు వస్తుంది. చట్టం అడ్డు చెప్పదు, 2021 నుంచి అమల్లో ఉన్న సివిల్ కోడ్ ప్రకారం తల్లి పేరైనా తండ్రి పేరైనా పెట్టొచ్చు.

జపాన్‌లో మాత్రం ఒక్క ఇంట్లో దత్తత తలుపు మూసి ఉంది. 1947 నాటి రాజకుటుంబ చట్టం తొమ్మిదో అధికరణం ప్రకారం చక్రవర్తి గానీ రాజకుటుంబీకులు గానీ ఎవరినీ దత్తత తీసుకోకూడదు, సింహాసనం తండ్రి వైపు మగవాళ్లకే. చక్రవర్తి నరుహితోకు ఒక్కతే కూతురు, ఐకో. ఆయన తమ్ముడి కొడుకు హిసహితో 2006లో పుట్టాడు. ఆ తరంలో వారసత్వానికి అర్హుడైన మగపిల్లవాడు అతనొక్కడే. 1947లో హోదా కోల్పోయిన 11 శాఖల నుంచి మగవాళ్లను దత్తతకు అనుమతించాలని ఒక వర్గం, ఆడపిల్లలకూ సింహాసనం ఇవ్వాలని మరొక వర్గం పార్లమెంటు లోపలా బయటా వాదిస్తున్నాయి. రక్తమే జపాన్ సంప్రదాయమని మొదటి వర్గం అంటోంది. ఆ మాట రాజకుటుంబానికి చెల్లితే చెల్లవచ్చు గానీ, నోరెన్ వెనక నడిచిన ఇళ్లకు చెల్లదు.