పంటు దిగినా బ్యాంకు దిగదు

నిన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా అత్తయ్య నన్ను ఏదో అడిగారు. "రెన్యువల్ అయిపోయిందండీ" అన్నాను. ఆవిడ అడిగింది పులుసు ఇంకొంచెం వేయమంటావా అని. పిల్లలు పగలబడి నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తేలక ఇక్కడ రాస్తున్నాను.

నాది బ్యాంకు ఉద్యోగం. ఇల్లు నరసాపురంలో, బ్రాంచి వశిష్ఠ గోదావరికి అవతల. రోజూ సాయంత్రం సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కి ఇంటికి వస్తాను. "ఉద్యోగానికీ ఇంటికీ మధ్య ఏకంగా గోదావరే ఉంది, నీకేమమ్మా" అంటారు బంధువులు. ఇవతలి రేవులో మోటారు సైకిళ్ళు దిగుతాయి, కొబ్బరికాయల బస్తాలు దిగుతాయి, పెళ్ళివారు కూడా దిగుతారు. నా తలలో కూర్చున్న పంట రుణాల జాబితా మాత్రం దిగదు. ఏడు గంటలకు వాట్సాప్ గ్రూపులో పైఅధికారి "ఈరోజు వసూలు ఎంత?" అంటారు. పలకకపోతే పేరు పెట్టి మళ్ళీ అడుగుతారు.

ఫోను పక్కన పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళకు ఒక మాట. పెట్టాను. రెండు వారాలు రాత్రిపూట బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ రెండు వారాలూ గ్రూపులో ఏం వచ్చి ఉంటుందో ఊహించుకుంటూ పడుకున్నాను. వచ్చినదానికంటే ఊహించుకున్నదే ఎక్కువ.

పని ముగిశాక కూడా మనసు పనిని ఎందుకు వదలదన్న విషయం మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త సబీన్ సొన్నెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్‌తో కలిసి 2007లో ఒక ప్రశ్నావళి రూపొందించారు. పని అలసట నుంచి కోలుకోవడంలో వాళ్ళు నాలుగు అనుభవాలను లెక్కవేశారు: మనసు పని నుంచి విడివడటం, సేదతీరటం, కొత్తదేదైనా నేర్చుకోవడం, ఖాళీ సమయం మన అదుపులో ఉండటం. సోఫాలో వాలి సీరియల్ చూస్తే ఒక్క రెండోదే దొరుకుతుంది, అది కూడా సగమే. పనిభారం ఎక్కువైనవాళ్ళకే విడివడటం మరీ కష్టమని కూడా సొన్నెన్‌టాగ్ రాశారు. మందు ఎవరికి కావాలో వాళ్ళకే గొంతు దిగదన్నమాట!

ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి, యాభై మందికి పైగా పనిచేసే సంస్థలు పని వేళల తర్వాతి ఫోన్ల, మెయిళ్ళ సంగతి ఉద్యోగులతో చర్చించి తేల్చుకోవాలని చట్టం ఉంది. మన లోక్‌సభలో ఇలాంటిది ప్రైవేటు బిల్లుగా వచ్చింది గానీ చట్టం కాలేదు. మా డెల్టాలో కాలువలకు మాత్రం పని ఆపే హక్కు ఎప్పటినుంచో ఉంది. దాళ్వా, అంటే రెండో పంట, చేతికొచ్చాక వేసవిలో నీళ్ళు కట్టేస్తారు. పూడిక తీయాలి, గట్లు చూడాలి, లాకులు బాగుచేయాలి. కాలువ సోమరిదైపోయిందని ఎవరూ అనగా నేను వినలేదు.

సరే, నాకు కాస్త పనిచేసిందేమిటంటే లేసు అల్లిక. మా అత్తయ్య యాభై ఏళ్ళుగా అల్లుతున్నారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, ఆవిడకు ఇచ్చే కూలీ మాత్రం అక్కడే ఉంది. క్రోషియా సూది పట్టుకుని పక్కన కూర్చున్నాను. లెక్క ఒక్కటి తప్పితే పువ్వు వంకర పోతుంది. మళ్ళీ విప్పాలి. కుట్లు లెక్కపెడుతున్నంతసేపూ బకాయిలు లెక్కపెట్టడం కుదరదు. అరగంట గడిచాక చూసుకుంటే ఆ అరగంటలో బ్యాంకు లేదు.

ఆ సంతోషంలో "ఎంత హాయిగా ఉందో అత్తయ్యా, మీరు రోజంతా ఈ పనే కదా" అనేశాను. ఆవిడ సూది ఆపలేదు. "నీకు హాయే అమ్మాయ్. శనివారానికి ఏజెంటుకు పన్నెండు ఇవ్వాలి, రాత్రి కలలో కూడా ఇవే అల్లుతున్నాను" అన్నారు. నోరు మూసుకున్నాను. పక్కపక్కన కూర్చుని ఒకే పువ్వు అల్లుతున్నాం. నాది విశ్రాంతి, ఆవిడది నా వాట్సాప్ గ్రూపు లాంటిదే. ఆవిడకు విశ్రాంతి ఎక్కడ దొరుకుతుందో ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగానా? అడిగితే, తెల్లవారుజామున ఎవరూ లేవకముందు పెరట్లో కరివేపాకు మొక్క దగ్గర కూర్చుంటారట. అక్కడికి ఎవరూ రావద్దన్నారు. ముఖ్యంగా నేను.

నిన్న రాత్రి నా మొదటి పువ్వు పూర్తయింది. అత్తయ్య దాన్ని దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని ఏ ఏజెంటూ తీసుకోడు" అన్నారు. ఈ మధ్యకాలంలో నాకు ఇంత హాయిగా అనిపించిన మాట ఇంకొకటి లేదు.