ఆపరేషన్ అయింది సరే, చెయ్యి పైకి లేస్తోందా?

వైజాగ్‌లో ఉన్న అమ్మకో అత్తకో రొమ్ము క్యాన్సర్ అని తెలిసిన రోజు నుంచి, ఊరికి దూరంగా ఇక్కడ ఉంటున్న మనవాళ్ళ హడావుడి చూడాలి. అర్ధరాత్రి ఫోన్లు, వాట్సాప్‌లో రిపోర్టులు, ఎంవీపీ కాలనీలోని మహాత్మా గాంధీ క్యాన్సర్ ఆస్పత్రా లేక టాటా మెమోరియల్ వాళ్ళు అగనంపూడిలో నడిపే హోమీ భాభానా అని గంటల తరబడి చర్చలు, డబ్బు పంపడాలు, టికెట్లు. అదంతా కావలసిందే. కానీ కుట్లు విప్పి, కీమో అయి, కరెంటు, అదే రేడియేషన్, కూడా పెట్టించేశాక "హమ్మయ్య, గండం గట్టెక్కింది" అని ఫోన్లు తగ్గించేస్తాం చూడండి, నా పేచీ అక్కడే. మచ్చ కింద అసలు పని అప్పటికింకా నడుస్తూనే ఉంటుంది, దాని గురించి అడిగే నాథుడుండడు.

కోసిన చోటును శరీరం కొల్లాజెన్ అనే పీచుతో పూడుస్తుంది. మొదట్లో ఆ పీచు అడ్డదిడ్డంగా అల్లుకుంటుంది కాబట్టి కొన్ని నెలలపాటు మచ్చ గట్టిగా, ఉబ్బెత్తుగా ఉంటుంది, మెల్లగా సర్దుకోవడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు పడుతుంది. పైకి కనిపించే గీత చిన్నదే కావచ్చు, లోపల చర్మమూ కండరమూ ఒకదానికొకటి అంటుకుపోతే చెయ్యి ఎత్తినప్పుడల్లా పట్టి లాగుతుంది. రేడియేషన్ వల్ల వచ్చే బిగుతు అయితే నెలల తర్వాత, కొందరికి ఏళ్ళ తర్వాత కూడా మొదలవ్వచ్చు. చంకలో లింఫ్ గ్రంథులు తీసినవాళ్ళలో కొందరికి కొద్ది వారాల్లోనే చంక నుంచి మోచేతి దాకా, ఒక్కోసారి మణికట్టు దాకా, చర్మం కింద బిగించిన తాడులాంటిది తేలుతుంది. కార్డింగ్ అంటారు దీన్ని. చూసి హడలిపోయి చెయ్యి ముడుచుకు కూర్చుంటారు గానీ, చాలామందికి వ్యాయామంతో కొన్ని నెలల్లో తగ్గిపోతుంది.

గాజువాకలో ఉండే మా వదిన డిశ్చార్జి కాగితాల్లో మాత్రల పేర్లు వరసగా ఉన్నాయి, భుజం వ్యాయామాల గురించి ఒక్క ముక్క లేదు. ఇంటికొచ్చాక పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషీ "చెయ్యెత్తకమ్మా, కుట్లు ఊడిపోతాయి" అనేవారే. మొదటి వారాల్లో బరువులెత్తకూడదన్నది నిజమే, దాన్ని పట్టుకుని నెలల తరబడి చెయ్యి కదపకపోతే భుజం బిగుసుకుపోదా మరి? ఆవిడ జడ తనే వేసుకోలేకపోయేది. తడి చీరను కుడిచేత్తో దండెం మీదికి విసిరి, ఎడమచెయ్యి మాత్రం పక్కకి ఆనించుకునే ఉండేది. పైగా జాకెట్టు చంక కుట్టు సరిగ్గా మచ్చ మీదే ఒరుసుకునేది. వీడియో కాల్‌లో ఇదేం కనపడదు, ముఖం కనపడుతుంది, "బాగానే ఉన్నాను" అంటుంది. అందుకే ఎలా ఉన్నావని అడగడం మానేసి, రెండు చేతులతో దండెం అందుతోందా, జాకెట్టు వదులు చేయించావా అని అడగండి.

మసాజ్ విషయానికొస్తే, గాయం పూర్తిగా మానాక, పెచ్చులేవీ లేవని చూసుకుని, సర్జన్ సరేనన్నాకే మొదలుపెట్టాలి. నూనె దట్టంగా రాసి పైపైన జారించేస్తే ఉపయోగం లేదు. రెండు వేళ్ళు మచ్చ మీద ఆనించి, చర్మం కింది పొర మీద కదిలేలా నొక్కి, చిన్న చిన్న సున్నాలు చుట్టాలి, తర్వాత అడ్డంగా, నిలువుగా. రోజూ కొన్ని నిమిషాలు చాలు. రేడియేషన్ నడిచే రోజుల్లో ఆ చర్మం జోలికి వెళ్ళొద్దు. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకించే వ్యాయామానికి పైసా ఖర్చు లేదు, ఏ రోజు నుంచి, ఎంత ఎత్తుకి అన్నది మాత్రం ఫిజియోథెరపిస్టే చెప్పాలి. మచ్చ మీద అంటించుకునే సిలికాన్ పట్టీలు ఇక్కడి నుంచి పంపొచ్చు, వైజాగ్ ఉక్కపోతకి జారిపోతాయి కాబట్టి చెమట తుడిచి, చర్మం ఆరనిచ్చి అంటించుకోమనండి. చేతివాపుకి వేసుకునే బిగుతు స్లీవ్ మాత్రం కొలతలు తీయించకుండా అందాజాగా కొని పంపకండి, కొలత తప్పితే మేలుకన్నా కీడే ఎక్కువ.

మచ్చ దగ్గర కొత్తగా గడ్డ తగిలినా, ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినా, చెయ్యి వాచినా మసాజ్ ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. "మచ్చ గట్టిదేలే" అని ఇంట్లోనే తేల్చేయకూడదు.

ఇక్కడి మన సంఘం క్యాన్సర్ సాయం పేరుతో వసూలు చేసే డబ్బులో కొంత ఫిజియోథెరపీకి పక్కన పెట్టమంటున్నాను. భీమిలి నుంచో అనకాపల్లి నుంచో వచ్చే ఆడమనిషికి బస్సు, ఆటో ఖర్చు కూడా అందులోనే ఇవ్వాలి, ఎందుకంటే చాలామంది ఫిజియో మానేసేది ఆ ఖర్చుకి భయపడే. ఆపరేషన్‌కి చెక్కు ఇస్తే ఫోటో వస్తుంది, భుజం వ్యాయామానికి ఆటో డబ్బులిస్తే రాదు, అయినా సరే వచ్చే కమిటీ మీటింగులో ఈ మాట ఎత్తబోతున్నాను.