సాయంత్రం ఏడింటి పీక్ డిమాండ్ గారికి

మహారాజశ్రీ పీక్ డిమాండ్ గారికి,

రోజులో కరెంటు వాడకం శిఖరానికెక్కే వేళ మీది. మీరు రోజూ టైముకే వస్తారు, అందులో వంక పెట్టడానికేం లేదు. చీకటి పడగానే లైట్లు, ఏసీలు, టీవీలు, కొత్తగా ఛార్జింగుకి పెట్టే స్కూటర్లు, అన్నిటినీ వెంటేసుకుని దిగుతారు. చిక్కల్లా ఏమిటంటే, బంతి భోజనాలయ్యి ఆకులు ఎత్తేశాక ఊడిపడే చుట్టంలా, సూర్యుడు పూర్తిగా దిగిపోయాకే వస్తారు.

మధ్యాహ్నం రావచ్చు కదండీ! మా కర్నూలు వైపు గని, శకునాల ఊళ్ళ దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, కర్ణాటక సరిహద్దు దాటితే పావగడలో 2,050. కాగితం మీద సోలార్‌ది ‘మస్ట్ రన్’ హోదా, అంటే వచ్చిన కరెంటంతా తీసుకోవాల్సిందే. అయినా ఎండ మండిపోతున్న వేళ, కరెంటు ఎక్కువైందనో లైను చాలదనో, ‘తగ్గించండి’ అని, గ్రిడ్డుకి ఎవరెంత కరెంటివ్వాలో చెప్పే లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఫోను రానే వస్తుంది. బొగ్గు ప్లాంటును ఆపేయొచ్చుగా అంటారేమో, మధ్యాహ్నం ఆపితే సాయంత్రానికి అందుకోలేదు, మీరేమో ఆగరు. అందుకని మీ రాక కోసం దాన్ని సామర్థ్యంలో 55 శాతం దగ్గర మండిస్తూ కూర్చుంటారు. 40కి దించాలని 2023లో నిబంధన పెట్టారు గానీ, పాత బాయిలర్లకు గెజిట్ చదివే అలవాటు లేదు.

2030కి బొగ్గు, గ్యాసులు లేని కరెంటు సామర్థ్యం 500 గిగావాట్లట. 2025లో స్థాపిత సామర్థ్యంలో (కట్టిన ప్లాంట్లన్నీ కలిపి ఇవ్వగలిగిన దాంట్లో) సగం బొగ్గు, గ్యాసులతో పని లేనిదైందని సంబరాలు కూడా చేసుకున్నాం. మంచిదే. ఆ సగంలో మీరొచ్చే వేళకి ఎంత మిగులుతుందో మాత్రం ఎవరూ ఫ్లెక్సీ వేయరు.

మిమ్మల్ని ఆపే మందు లేకపోలేదు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 900 మెగావాట్ల రివర్సిబుల్ టర్బైన్లున్నాయి, పగటి కరెంటుతో కింది నీళ్ళు పైకి తోడి రాత్రి వదలొచ్చు. 2020 ఏప్రిల్ 5న దేశమంతా తొమ్మిది నిమిషాలు లైట్లార్పితే లోడు సుమారు 30 వేల మెగావాట్లు పడిపోయి మళ్ళీ లేచింది, అప్పుడు గ్రిడ్డును కాచుకోవడంలో పెద్ద చెయ్యి జలవిద్యుత్తుదే. కానీ శ్రీశైలంలో టర్బైను తిప్పితే చాలు, రెండు రాష్ట్రాలూ ఉత్తరాలు రాసుకుంటాయి (ఇంతకంటే పొడవైనవి).

మీ మాట వినకుండా పగటికి జరిగినవాడు ఆంధ్రాలో రైతొక్కడే. ఒకప్పుడు రాత్రి కరెంటు కోసం ఆటోస్టార్టరు బిగించుకుని, అది పని చేయకపోతే టార్చి పట్టుకుని పాముల మధ్య పొలానికి నడిచేవాడు, ఇప్పుడు పగలే తొమ్మిది గంటలు మోటారు ఆడిస్తున్నాడు. పట్నంలో మనం వాషింగ్ మెషీన్ వేసే వేళను కూడా పగటికి జరపం. ఎండ ఉన్నప్పటి యూనిట్టు కనీసం 20 శాతం చవగ్గా ఇవ్వాలని కేంద్రం రూలు రాసింది, వ్యవసాయం మినహా అందరికీ 2025 ఏప్రిల్ నుంచట. దానికి టైము చదివే స్మార్ట్ మీటరు కావాలి. ఆ మీటరు పేరెత్తితే మా వీధిలో ధర్నా.

అన్నట్టు మా డాబా మీద ప్యానెళ్ళు పెట్టించాను, బిల్లు దాదాపు సున్నా. చుట్టాలకు ఆ బిల్లు చూపించి పర్యావరణం గురించి మాట్లాడేది కూడా మీరొచ్చాకే, ఏసీ వేసుకుని.

ఇట్లు,
పగలు గ్రిడ్డుకి కరెంటిచ్చి, రాత్రి అంతకంత లాక్కునే ఒక హరిత వినియోగదారుడు