గుట్టు అడిగేదీ ప్రభుత్వమే, రట్టు చేసేదీ ప్రభుత్వమే

రాయ్‌పూర్‌లోని ప్రభుత్వ ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన బిడ్డ దగ్గర, తల్లికి హెచ్‌ఐవీ ఉందని రాసి బోర్డు పెట్టారు. వచ్చేపోయే వారందరి కంటా పడేలా పెట్టారు. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టి, ఆ తల్లిదండ్రులకు 2 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2025 అక్టోబరులో ప్రభుత్వాన్ని ఆదేశించింది. న్యాయస్థానం కదిలినందుకు సంతోషమే. కానీ ఆ తల్లి రేపు ఆ బంధువుల మధ్యే, ఆ ఇరుగుపొరుగు మధ్యే బతకాలి. ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, అసలు చెప్పాలా వద్దా అన్నది ఆమె ఒక్కతే తేల్చుకోవాల్సిన సంగతి. ఆ హక్కును ఆసుపత్రి లాగేసుకుంది.

సిబ్బంది జాగ్రత్త కోసమే రాశారని సమర్థించేవారు ఉంటారు. సూది గుచ్చుకుంటుందన్న నర్సు భయాన్ని మేమేమీ కొట్టిపారేయడం లేదు. అయితే పరీక్ష చేయించుకోని మనిషి రక్తంలో ఏముందో ఎవరికీ తెలియదు. కాబట్టే ప్రతి రోగి విషయంలోనూ ఒకే జాగ్రత్త పాటించాలన్న నియమం ఎప్పటినుంచో ఉంది. పొరపాటున సూది గుచ్చుకుంటే 72 గంటల్లోపు మొదలుపెట్టాల్సిన మందులూ ఉన్నాయి. వైద్యం చేసేవారికి కావలసిన వివరం కేస్ షీట్‌లో ఉంటుంది. గోడమీది రాతలు చదివేది చూడవచ్చిన చుట్టాలు.

చట్టం లేక జరిగిన తప్పు కాదిది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. నమ్మి చెప్పిన విషయాన్ని, ఆ వ్యక్తి సమ్మతి లేకుండా బయటపెట్టరాదని అందులో స్పష్టంగా ఉంది. ఆడవారి సంగతిలో ఆ చట్టం మరో అడుగు ముందుకు వేసింది. విషయం తెలిస్తే భర్త కొడతాడనో వదిలేస్తాడనో సహేతుకమైన భయం ఉన్నప్పుడు, డాక్టరు ఆ భర్తకు కూడా చెప్పకూడదు. భర్తకే చెప్పకూడదని చట్టం ఆలోచించిన మాటను వార్డంతటికీ చాటారు!

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మన కుటుంబాల్లో మొదట పరీక్ష జరిగేది తరచుగా గర్భిణికే. ఫలితం ముందు ఆమెదే వస్తుంది కనుక రోగం ఆమే తెచ్చిందని అత్తింటివారు తీర్పు చెప్పేస్తారు. భర్త నుంచే సోకిందని అందరికీ తెలిసిన ఇళ్లలోనూ ఆమె కంచం, గ్లాసు వేరవుతాయి. భర్త పోతే ఇల్లే పోతుంది. ఉమ్మడిగా ఉన్న ఇంట్లోంచి ఆమెను గెంటేయడానికి వీల్లేదని ఇదే చట్టం చెబుతున్నా, ఆ మాట ఆమె చెవిన వేసేదెవరు? క్రమం తప్పకుండా మందులు వాడి, వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే లైంగిక సంబంధం ద్వారా మరొకరికి సోకదు. తల్లికీ బిడ్డకూ సకాలంలో మందులు అందితే బిడ్డకు సోకే అవకాశం 5 శాతంలోపే. ఇంత మంచి వైద్యం అందుబాటులోకి వచ్చాక కూడా ఆమెను భయపెడుతున్నది జబ్బు కాదు, నలుగురికీ తెలిసిపోవడం.

మా ఆందోళనంతా ఇక్కడే. ‘భయపడకండి, పరీక్షకు రండి, మీ వివరాలు గోప్యంగా ఉంచుతాం’ అని గర్భిణులను పిలిచేది ప్రభుత్వం. ఆ పిలుపు నమ్మి వచ్చిన మనిషి గుట్టు రట్టు చేసిందీ ప్రభుత్వ ఆసుపత్రే. రాయ్‌పూర్ వార్త విన్న ఏ గర్భిణి అయినా రేపు పరీక్షకు వెనుకాడితే తప్పు ఎవరిది? మాట ఇచ్చిన చేతితోనే బోర్డు రాస్తే, వివక్ష వద్దని జనానికి చెప్పే అర్హత ప్రభుత్వానికి ఎక్కడిది?

ఛత్తీస్‌గఢ్ సంగతి మనకెందుకని తెలుగు ప్రభుత్వాలు అనుకోవద్దు. మహారాష్ట్ర తర్వాత హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. 2021 జాతీయ అంచనాల ప్రకారమే వారు 3 లక్షలకు పైగా. సొంత ఊరివాళ్ల కంటబడతామన్న భయంతో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి, అదీ పక్క జిల్లాలోని దానికి బస్సెక్కే ఆడవాళ్లు ఇక్కడా ఉన్నారు. ఫైలు మీద ఎర్ర సిరాతో గుర్తులు పెట్టడం, వరుసలో నిలబెట్టి పేరూ జబ్బూ కలిపి కేకేయడం కూడా ఆ బోర్డు లాంటివే. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే ప్రతి ఆసుపత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండాలని, ప్రతి రాష్ట్రంలో చట్టం ఉల్లంఘనలపై ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఉండాలని చట్టం చెబుతోంది. వారి పేరు, ఫోను నంబరు ప్రతి ప్రసూతి వార్డులో, ప్రతి ఏఆర్‌టీ కేంద్రంలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. ఆసుపత్రి గోడ మీద ఉండాల్సిన పేరు ఫిర్యాదు వినే అధికారిది. గుట్టు బయటపెట్టిన ఉద్యోగి మీద, చూస్తూ ఊరుకున్న సూపరింటెండెంటు మీద చర్య తీసుకోండి. పరిహారం ఖజానా నుంచి పోతే వారికి నొప్పేముంది? ఇదీ చేతకాకపోతే ప్రపంచ ఎయిడ్స్ దినమంటూ డిసెంబరు 1న ఎర్ర రిబ్బన్లు తగిలించుకుని ర్యాలీలు తీయడం మానేయండి.