సెడార్ చెక్క తప్పేమీ లేదు

వెస్టర్న్ రెడ్ సెడార్ కలపను తప్పుపట్టేవాళ్ళు నాకు ఇంతవరకూ తారసపడలేదు. తేలికగా ఉంటుంది, రంపానికి ఇట్టే లొంగుతుంది, కోస్తున్నంతసేపూ కమ్మని వాసన వేస్తుంది. పైగా దాని చేవలో థుజాప్లిసిన్లు అనే రసాయనాలు ఉండి, చెక్కను కుళ్ళబెట్టే శిలీంధ్రాలను దగ్గరికి రానివ్వవు కనుక, మామూలు పైన్ చెక్క కొన్నేళ్ళకే మెత్తబడిపోయే తడి చోట కూడా ఇది చాలాకాలం నిలుస్తుంది. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో ఎడతెరిపి లేని వానల మధ్య పెరిగే చెట్టుకు ఆ మాత్రం ధీమా ఉండడం సహజమే. అక్కడి ఆదివాసులు ఆ మానులను తొలిచి సముద్రంలోకి పోయే పడవలు చేసుకున్నారు, వాటి పలకలతో ఇళ్ళు కట్టుకున్నారు, నారతో చాపలూ దుస్తులూ అల్లుకున్నారు. వృక్షశాస్త్రజ్ఞులు మాత్రం ఇది థుజా ప్రజాతికి చెందినదనీ, అసలైన సెడార్ల వంశంలోనిది హిమాలయాల దేవదారు అనీ అంటారు. చెట్టు పేరు చెప్పుకొని కాయలు అమ్ముకునేవాళ్ళలో చెట్లు కూడా ఉన్నాయన్నమాట.

ఇవన్నీ క్షుణ్ణంగా చదివిన తరువాతే మా బావగారు ఇంటి వెనుక డెక్, అంటే స్తంభాల మీద నిలిచే చెక్క అరుగు, కట్టే పనికి పూనుకున్నారు. చలీ తేమా కలిసి కాపురం చేసే చోట ఏ కలప వాడాలన్న ప్రశ్న మీద ఆయన ఒక చలికాలం మొత్తం వెచ్చించారు. కలపను ఎంపిక చేయడంలో ఎంత శ్రద్ధ ఖర్చయిపోయిందంటే, ఆ కలపను పట్టి ఉంచే వస్తువులకూ, మోసే వస్తువులకూ, దానికి పూసే వస్తువులకూ పెద్దగా ఏమీ మిగల్లేదు. ఈ అభిప్రాయం మా అక్కయ్యది. పలకకు రెండో కొస పట్టుకునే బావమరిదికి సొంత అభిప్రాయాలు ఉండకూడదు.

పని తుమ్ములతో మొదలైంది. ఈ చెక్క పొట్టులో ప్లికాటిక్ ఆమ్లం ఉంటుంది. రంపపు మిల్లుల్లో ఏళ్ళ తరబడి దాన్ని పీల్చినవారిలో కొందరికి ఉబ్బసం వస్తుంది. అందుకని ముక్కుకు మాస్కు కట్టుకోవాలని బావగారికి తెలుసు. కట్టుకున్నారు కూడా. అయితే కొలతలు చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ దాన్ని గడ్డం కిందికి దించి, చెప్పి, తుమ్మి, మళ్ళీ పైకి లాక్కునేవారు. ఆ తుమ్ములో కలిసిపోయిన అంకెల కారణంగా కొన్ని పలకలు అనుకున్నదాని కంటే పొట్టిగా తేలాయి.

పలకల మధ్య సందు ఎంత వదలాలన్న విషయంలో ఆయన ఒక సూత్రం పట్టుకున్నారు: చెక్క ఎండితే కుంచించుకుపోతుంది కనుక పలకలను ఒకదానికొకటి ఆనించి బిగించాలి, సందు దానంతట అదే ఏర్పడుతుంది. సూత్రంలో దోషం లేదు, కాకపోతే అది పచ్చి కలపకు వర్తించేది. మాకు వచ్చినవి బట్టీలో ఆరబెట్టిన పలకలు. కుంచించుకుపోవలసినదంతా అక్కడే కుంచించుకుపోయి, ఇక తడి తగిలితే ఉబ్బడానికి సిద్ధంగా ఉన్నాయి. అటువంటివాటి మధ్య 3 నుంచి 6 మిల్లీమీటర్ల దాకా వదలాలి. శరదృతువులో తేమ పట్టగానే పలకలన్నీ భుజాలు కలుపుకొని నిలబడ్డాయి, చుక్క నీరు కిందికి దిగే దారి లేకుండా పోయింది. ఆ మూసుకుపోవడాన్ని బావగారు ‘పనితనం’ అన్నారు.

ఇక స్క్రూల సంగతి. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే వాడాలని ఆయన చదివి, కొని తెచ్చారు. పెట్టె చిన్నది కావడంతో అది మొదటి రెండు పలకలకే సరిపోయింది. ఆ సాయంత్రం ఊపు మీద ఉన్న పని ఆపడం ఇష్టం లేక, షెడ్డులో ఎప్పటివో ఉన్న పలుచని జింకు పూత స్క్రూలను తీసి మిగతాదంతా బిగించేశారు. “లోపలికి దిగిపోయాక ఏ స్క్రూ అయితేనేమోయ్, ఎవరికి కనిపిస్తుంది?” అన్నారు. అందరికీ కనిపించింది. ఆ పూత కాస్త అరగగానే లోపలి ఇనుము చెక్కలోని టానిన్ వంటి పదార్థాలతో, వాన నీటి సాక్షిగా, కలిసిపోయి నల్లని రంగును పుట్టించింది. పూర్వం ఐరోపాలో ఓక్ చెట్టు బుడిపెలనూ ఇనుప లవణాన్నీ కలిపి సిరా కాచేవారు. రసాయనం రెండింటికీ ఒక్కటే. ప్రతి స్క్రూ తల కిందా ఒక నల్లటి కన్నీటి చార మొదలై తోట వైపు సాగింది. డెక్‌కు వాలు తోట వైపు ఇచ్చారు కనుక చారలు అటే పోవడం న్యాయం. ఈ చారలు ఎటు పోతున్నాయన్నది తరువాత అవసరపడుతుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

మరకలు కనబడకుండా పైన నూనె పూస్తే సరి అనుకున్నారు. లిన్‌సీడ్ నూనె, అంటే అవిసె గింజల నూనె, నీరులాగా ఆవిరైపోయి ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకొని గట్టిపడుతుంది, చలిలోనూ తేమలోనూ ఆ పని బహు మందకొడిగా సాగుతుంది. చెక్క తాగినంత పట్టించి మిగిలినది గుడ్డతో తుడిచేయాలి. బావగారు తుడవలేదు సరికదా, చెక్క పీల్చలేదని ఇంకో పూత వేశారు. ఆ రాత్రి మంచు కురిసింది, మరుసటి రాత్రీ కురిసింది. వారం గడిచినా డెక్ జిగట వదలలేదు. రాలిన ఆకు రాలినట్టే అంటుకుపోయింది. చూడడానికి వచ్చిన స్నేహితురాలొకరు నాలుగడుగులు వేసి ఐదో అడుగు వేయబోతే చెప్పు వెనకే ఉండిపోయింది, ఆవిడ కాలు మాత్రమే ముందుకు వచ్చింది. ఆవిడ పట్టు తప్పకుండా మర్యాద కోసం నవ్వుతూ, రెండో చెప్పు కూడా అక్కడే వదిలేసి మేజోళ్ళతో లోపలికి వచ్చేశారు. ఆ తరువాత మేజోళ్ళను కూడా వదిలేశారు. “అడుసు తొక్కనేల, కాలు కడగనేల” అని అక్కయ్య ఆవిడకు వేడినీళ్ళ బకెట్టు ఇచ్చింది. అక్కయ్య చేసిన అసలైన మేలు ఇంకొకటి ఉంది. నూనె గుడ్డలను బావగారు ఉండ చుట్టి మూల పడేస్తే, అవి గట్టిపడుతూ వేడెక్కి వాటంతటవే అంటుకోగలవని తెలిసి, నీళ్ళున్న రేకు డబ్బాలో ముంచి మూత పెట్టింది. చలీ తేమా ఉన్న చోట ఇల్లు కాలే అవకాశం కూడా ఆయన తయారుచేసి పెట్టారంటే ఆయన ప్రతిభను తక్కువ చేయలేం.

ఇంతకూ అసలు కథ నేలలో ఉంది. మేమున్న చోట చలికాలంలో నేల గడ్డకట్టే లోతు మీటరు దాటుతుంది. స్తంభాల కింది కాంక్రీటు దిమ్మెలు ఆ లోతు దాటి దిగాలి. 60 సెంటీమీటర్ల దగ్గర గడ్డపారకు రాయి తగిలింది. “కాంక్రీటు బరువు నీకు తెలియదోయ్, అది ఎక్కడికీ కదలదు” అని బావగారు గుంత తవ్వడం అక్కడితో ముగించారు. గుంతలు కూడా పైన వెడల్పుగా, కిందికి పోనుపోను సన్నగా తయారయ్యాయి. గడ్డకట్టిన మట్టి పట్టుకొని పైకి లాగడానికి అంతకన్నా అనువైన ఆకారం లేదు. ఇంటి వైపు మాత్రం ఆయన పని వంక పెట్టడానికి లేకుండా చేశారు. డెక్‌లు కూలినప్పుడు తరచుగా గోడ దగ్గరి అతుకే ఊడుతుందని చదివి, అక్కడి దూలాన్ని మేకులతో సరిపెట్టకుండా పెద్ద బోల్టులతో బిగించారు. తోట వైపు స్తంభాలు చలికాలంలో పైకి లేచాయి, ఇంటి వైపు దూలం లేవనంటే లేవనంది. బాగా చేసిన ఆ ఒక్క పని వల్లే డెక్ మొత్తం పైకి లేవకుండా, ఇంటి వైపుకు వాలింది.

జనవరిలో రోజంతా వాన కురిసి రాత్రికి ఒక్కసారిగా చలి బిగిసింది. తెల్లవారి అక్కయ్య డెక్ వైపు తలుపు తెరవబోతే తెరుచుకోలేదు. బయటికి తెరుచుకునే అద్దాల తలుపు అది. బావగారు వచ్చి, పరీక్షించి, “తేమకు తలుపు చెక్క ఉబ్బింది” అన్నారు. “మన తలుపు ఉక్కుదండీ” అంది అక్కయ్య. అప్పుడు అందరమూ అద్దంలోంచి కిందికి చూశాం. గడప పొడవునా జానెడు వెడల్పున గాజులాంటి మంచుగడ్డ తలుపు అడుగును కౌగిలించుకొని ఉంది. సందులు మూసుకుపోయిన పలకల మీద రోజంతా పడిన వాన తోటకు పోవడం మానేసి ఇంటికి వచ్చిందన్నమాట. నీరు పల్లమెరుగు అన్నారు కానీ, ఆ పల్లం రాత్రికి రాత్రే దిశ మార్చుకుంటుందని ఎవరూ చెప్పలేదు.

బావగారు ముందు తలుపు గుండా బయటికి వెళ్ళి, ఇంటిని చుట్టి, మోకాలి లోతు మంచులో దారి చేసుకుంటూ వేడినీళ్ళ కెటిల్‌తో డెక్ ఎక్కారు. నీళ్ళు పోశారు. అవి పైపైన కాస్త కరిగించి, తలుపు కిందికే పారి, మేము చూస్తుండగానే గడ్డకట్టాయి. లోపల నుంచి అక్కయ్య రెండు చేతులూ అడ్డంగా ఊపింది. అద్దం దళసరిది, మాట వినబడదు. ఆయన తల ఊపి, నాకు సైగ చేసి ఇంకో కెటిల్ తెప్పించి పోశారు. మంచుగడ్డ రెండంగుళాలయింది. ఉప్పు చల్లుదామని నేనంటే, ఉప్పు స్క్రూలను తుప్పు పట్టిస్తుందని ఆయన ఒప్పుకోలేదు. అప్పటికే సిరాబుడ్లుగా మారిపోయిన ఆ స్క్రూల మీద ఆయనకు అంత మమకారం మిగిలి ఉందని నాకు తెలియదు. చివరికి ఉలి తెచ్చారు. సెడార్ గోటితో నొక్కితే నొక్కు పడేంత మెత్తని చెక్క. ఉలి మంచును ఒదిలేసి పలకను పట్టుకుంది.

ఎవరో అడిగితేనే తప్ప ఆయన రసమట్టం తీయలేదు. పలక మీద పెట్టగానే బుడగ తోట వైపుకు పరుగెత్తింది. అంటే తోట వైపే ఎత్తు. “రసమట్టం పాడైపోయింది” అని బావగారు దాన్ని తిప్పి పెట్టారు. బుడగ మళ్ళీ తోట వైపే వెళ్ళింది. అప్పుడు నేను స్క్రూల చారలు చూపించాను. పాత చారలు తోట వైపు సాగి ఉన్నాయి. వాటికి ఎదురుగా కొత్తవి, సన్ననివి, ఇంటి వైపు మొదలయ్యాయి. డెక్ ఎప్పుడు మనసు మార్చుకుందో అది తన చేతిరాతతోనే రాసిపెట్టింది.

ఆ మధ్యాహ్నం ఆయన పెన్సిలు పట్టుకొని లెక్క వేశారు. నీరు గడ్డకడితే 9 శాతం పెరుగుతుంది, మట్టిలో ఉన్న నీరెంత, అందులో 9 శాతమెంత. ఎలా చూసినా స్తంభం ఇంతెత్తు లేవడానికి వీల్లేదని తేలింది. ఆయన లెక్క తప్పు కాదు, లెక్కలో రావలసిన నీరే రాలేదు. 1929–30 ప్రాంతంలో స్టీఫెన్ టాబర్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త, గడ్డకట్టినప్పుడు పెరగకపోగా కుంచించుకుపోయే బెంజీన్‌తో తడిపిన మట్టిని గడ్డకట్టించి చూశాడు. ఆ మట్టి కూడా ఉబ్బి పైకి లేచింది. మెత్తని ఒండ్రుమట్టి అడుగు నుంచి నీటిని పైకి లాక్కుంటూ, గడ్డకట్టే సరిహద్దు దగ్గర పొరలు పొరలుగా మంచు బిళ్ళలను పేర్చుకుంటూ పోతుంది. ఆ బిళ్ళలు లావవుతున్నకొద్దీ పైనున్నదంతా లేస్తుంది. కాబట్టి మట్టిలో మొదట ఉన్న తడితో పని లేదు, కింద ఎంత దొరికితే అంతా వస్తుంది. ఇది విన్నాక బావగారి మొహం తేటపడింది. ఆయనను ఓడించింది బద్ధకం కాదు, ప్రకృతి శాస్త్రం అని రుజువైనట్టు భావించారు.

వసంతంలో నేల కరిగితే స్తంభాలు కిందికి దిగుతాయని ఎదురుచూశాం. దిగాయి, కానీ కిందున్న ఖాళీల్లోకి మట్టి జారి కూర్చోవడం వల్ల ఏదీ మొదటి చోటికి చేరలేదు, ఏ రెండూ సమానంగా దిగలేదు. ఇక ఉక్కు స్క్రూ పైల్స్ వేయించాలని నిర్ణయమైంది. మెలి తిరిగిన రెక్కలున్న ఆ స్తంభాలను యంత్రం తిప్పుతూ గడ్డకట్టే లోతు దాటించి దించుతుంది. యంత్రంతో వచ్చినాయన డెక్ చుట్టూ ఒకసారి తిరిగి, పలకను బూటుతో తట్టి, “చెక్క మాత్రం మంచిదే” అన్నాడు. ఆ ‘మాత్రం’ అన్న చోట అక్కయ్య గట్టిగా తల ఊపింది.

యంత్రానికి చోటు కావాలంటే పలకలన్నీ ఊడదీయాలి. గోడ రాతిది, వంకరటింకరది. దానికి తగ్గట్టు ప్రతి పలకనూ ఒక్కో పొడవుకు కోశారు కనుక దేని చోట అదే కూర్చోవాలి. బావగారు ఈసారి ఏ పొరపాటూ జరగకూడదని ప్రతి పలక మీదా సుద్దముక్కతో అంకె వేసి, వరుసగా పేర్చి, నిశ్చింతగా పడుకున్నారు. రాత్రి వాన కురిసింది. ఉదయం చూస్తే అంకెలు లేవు.

ఆ గండం గట్టెక్కించింది అక్కయ్యే. వంటింటి కిటికీలోంచి చలికాలమంతా ఆ నల్ల చారలను తిట్టుకుంటూ చూసిందేమో, ఏ పలక మీద చార పక్క పలక మీదికి పాకిందో, ఏది గడప దగ్గర వంపు తిరిగిందో ఆవిడకు కంఠతా వచ్చు. ఆవిడ వేలు చూపిస్తుంటే మేము పెట్టుకుంటూ పోయాం. ఈసారి 5 మిల్లీమీటర్ల సందు వదిలి. సందులన్నీ కలిసి చివరి పలకకు చోటు లేకుండా చేసినందువల్ల దాన్ని నిలువునా సన్నగా కోయవలసి వచ్చిందన్నది వేరే సంగతి. పని ఆగింది మొదటి రెండు పలకల దగ్గరే. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలతో బిగించినవి అవి. వాటి మీద మరకే లేదు, ఏది ఎటువైపుదో, ఏ కొస గోడకో తేలదు. అటు పెట్టి, ఇటు పెట్టి, తిప్పి పెట్టి చూస్తూ మధ్యాహ్నం చేశాం.

“చూశావటోయ్,” అన్నారు బావగారు నడుము పట్టుకొని లేస్తూ, “అన్నిటికీ ఆ ఖరీదైన స్క్రూలే వాడి ఉంటే ఈ డెక్ మళ్ళీ కలిసేదేనా? ముందుచూపు అంటే ఇదే.”

అక్కయ్య లోపలికి వెళ్ళి, మరకలు వదిలించే ఆక్సాలిక్ ఆమ్లం డబ్బా, రబ్బరు తొడుగులు, బ్రష్షు తెచ్చి ఆయన ముందు పెట్టింది. దాని పక్కనే స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూల పెట్టె పెట్టింది. ఈసారి పెద్దది.