ఏక చిరునామా వాదుల పక్షాన

మెమరీ అడ్రసంటే ఒక అంకె, అంకె ఎక్కడ పెట్టినా చెల్లుతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్లు రాసే కొందరి దృఢ విశ్వాసమిది. లినక్స్ కెర్నల్ పెద్దలు దీన్ని ఏళ్ల తరబడి అవమానిస్తున్నారు. సీపీయూలో ప్రోగ్రాము చూసే వర్చువల్ అడ్రసు వేరట, ర్యామ్‌లో నిజంగా ఉన్న ఫిజికల్ వేరట, సీపీయూ ప్రమేయం లేకుండా మెమరీని తాకడానికి గ్రాఫిక్స్ కార్డు బస్సు మీద చూసే డీఎంఏ అడ్రసు వేరట. కార్డు మీది చిప్పు జీపీయూ సొంత పేజీ టేబుల్‌తో (అడ్రసుల మార్పిడి పట్టికతో) పెట్టుకున్న అడ్రసు ఇంకా వేరట. డేటా దాచుకునే మెమరీ ముక్క, ఒక్క బఫరుకి నాలుగు!

శ్రీకాకుళం వాళ్లకి ఇది కొత్తేం కాదు. రైల్వే లెక్కలో శ్రీకాకుళం రోడ్ అంటే దిగేది ఆమదాలవలసలో. టికెట్ మీద పేరు చూసుకుని, ప్లాట్‌ఫాం దిగగానే ఏడు రోడ్ల జంక్షన్ ఏదని వెతికేవాణ్ని చూసి నవ్వుకుంటాం. అదే మనిషి రాజాంలోనో టెక్కలిలోనో ల్యాబులో కూర్చుని, కెర్నల్‌లో మెమరీ పంచే కెమాలక్ ఇచ్చిన పాయింటరుకి, వర్చువల్‌ని ఫిజికల్‌గా మార్చే వర్ట్-టు-ఫిజ్ తగిలించి, వచ్చిన అంకెని తిన్నగా కార్డు రిజిస్టర్లో పడేస్తే మాత్రం చప్పట్లు. ఎందుకంటే తెర మీద బొమ్మ వచ్చింది.

ఐఓఎంఎంయూ (కార్డు పంపే అడ్రసుల్ని మధ్యలో మార్చే హార్డ్‌వేర్) ఆపేసిన మామూలు ఎక్స్86 పీసీలో ఫిజికల్ అడ్రసూ డీఎంఏ అడ్రసూ ఒకే అంకె. కార్డు ర్యామ్ చదువుతుంటే సీపీయూ పక్కనుండే చిన్న మెమరీ క్యాష్‌లో కొత్త విలువ ఉందేమో హార్డ్‌వేరే చూసుకుంటుంది. “పనిచేస్తంది కదేటి బావూ!” అన్నాక ఇక రివ్యూ ఏముంటుంది?

ఈ ప్రశాంతతని చెడగొట్టడానికే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న ఆర్మ్ కంప్యూటరు పుట్టింది. డేటాషీట్‌లో రిజిస్టర్లు హెక్సాలో 7ఈ000000 దగ్గర ఉన్నట్టు రాసి ఉంటుంది. అది పైలోని జీపీయూ, అంటే వీడియోకోర్, చూసే బస్ అడ్రసు. ఆర్మ్ కోర్‌కి అవే రిజిస్టర్లు మొదటి పైలో 20000000 దగ్గర, 2, 3 మోడళ్లలో 3ఎఫ్000000 దగ్గర, 4లో ఎఫ్ఈ000000 దగ్గర కనిపిస్తాయి. ర్యామూ అంతే. పై 2, 3లో ఆర్మ్ సున్నా అనే చోటుని డీఎంఏకి సీ0000000 అని చెప్పాలి. బోర్డు వివరాలుండే డివైస్ ట్రీలోని డీఎంఏ-రేంజెస్ లైను ఈ తేడాని కెర్నల్‌కి చెబుతుంది, డీఎంఏ-మ్యాప్-సింగిల్ అనే ఫంక్షన్ దాన్ని కలిపే ఇస్తుంది. కానీ తన కూడిక ఇంకొకరు చేస్తే ఏకవాది సహిస్తాడా? 3ఎఫ్‌ని డ్రైవర్లో స్వయంగా చెక్కి, పై 4 వచ్చేదాకా సుఖంగా ఉంటాడు.

రెండో ఆచారం, అడ్రసుని 32 బిట్లలో కుక్కడం. 8 జీబీ మెషిన్‌లో బఫరు 4 జీబీ గీత పైన పడిందంటే పై బిట్లు రాలిపోతాయి. కార్డు నమ్మకంగా వెళ్లి ఎవరిదో పేజీ మీద రాసి వస్తుంది. క్రాషయ్యేది ఫైల్‌సిస్టమ్, తిట్లు తినేది హార్డ్‌డిస్క్. కార్డుకి ఎన్ని బిట్లు అందుతాయో డీఎంఏ మాస్క్‌లో ముందే చెబితే, అందని బఫర్లని కెర్నల్ 4 జీబీ గీత కింద ఉన్న బౌన్స్ బఫరులోకి కాపీ చేసి నడిపిస్తుంది. ఆ బఫరు మామూలుగా 64 ఎంబీ. టెక్స్చర్లతో నిండిపోతే మ్యాపింగ్ ఎర్రర్ వస్తుంది, దాన్ని చెక్ చేయకపోవడం మనవాళ్ల మర్యాద. ఏఎండీ సియాటిల్ అనే ఆర్మ్ చిప్‌లోనైతే 4 జీబీ కింద అసలు ర్యామే లేదు. 32 బిట్ల కార్డుకి ఐఓఎంఎంయూ తప్ప దిక్కు లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది క్యాష్ జబ్బు. చాలా ఆర్మ్ బోర్డుల్లో కార్డుకి సీపీయూ క్యాష్ కనపడదు. బఫర్లో రాశాక క్యాష్‌ని ర్యామ్‌కి దింపే డీఎంఏ-సింక్ పిలవకపోతే, ర్యామ్‌కి చేరని క్యాష్ లైన్లు (క్యాష్‌లోని ముక్కలు) తెర మీద పాత రంగుల్లో అలాగే ఉండిపోతాయి. లైను మామూలుగా 64 బైట్లు, పిక్సెల్‌కి 4 బైట్లు, అంటే 16 పిక్సెళ్ల పొడవున అడ్డగీతలు. అంత కచ్చితమైన కొలతతో జబ్బు తన పేరు తానే చెప్పుకుంటున్నా, మన నిర్ధారణ ఒకటే: “హెచ్‌డీఎంఐ కేబుల్ లూజు.”

అప్పుడు పర్సెంట్-పీ (%p) అనే ప్రింట్ గుర్తుతో పాయింటరుని ప్రింట్ చేసి డేటాషీట్‌తో పోల్చడం మొదలవుతుంది. 2018 జనవరిలో వచ్చిన 4.15 కెర్నల్ నుంచి ఆ పర్సెంట్-పీ అసలు అడ్రసు ఇవ్వదు, హ్యాష్ చేసిన అంకె ఇస్తుంది. దానిలోనూ పోలికలు కనిపెట్టినవారికి జోహార్లు. డీఎంఏ అడ్రసుకి పర్సెంట్-పీఏడీ అని వేరే ఉంది లెండి, ఎవరికి కావాలి.

మెమరీని కోసే ముక్క, అంటే పేజీ, ఎప్పుడూ 4 కేబీయేనన్న నమ్మకం గురించి ఎక్కువ చెప్పను. యాపిల్ చిప్‌లో 16 కేబీ, కొన్ని ఆర్మ్ సర్వర్లలో 64 కేబీ అని తెలిస్తే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది.

ఈ వాదానికి నిజమైన ముప్పు ఆర్మ్ బోర్డు కొనకుండానే వస్తుంది. ల్యాబులోని ఇంటెల్ పీసీనే పాస్‌త్రూ (అడ్రసు మార్చకుండా వదిలేసే పద్ధతి) లేకుండా ఐఓఎంఎంయూ ఆన్ చేసి బూట్ చేస్తే, దొంగ ఫిజికల్ అడ్రసు వాడితే కెర్నల్ లాగ్ అయిన డీమెసేజ్‌లో డీఎంఏఆర్ ఫాల్ట్ (ఐఓఎంఎంయూ ఫిర్యాదు) పడుతుంది. బౌన్స్ బఫరుని ఫోర్స్ చేస్తే ఎగ్గొట్టిన సింక్‌లు బయటపడతాయి. డీఎంఏ ఏపీఐ డీబగ్ ఆప్షన్‌తో కెర్నల్ కట్టుకుంటే చెక్ చేయని మ్యాపింగులు కూడా పేర్లతో సహా దొరుకుతాయి. కాబట్టి హెచ్‌ఓడీ గార్లకి విన్నపం: ప్రాజెక్టు వైవాలు అయ్యేదాకా ఆ బూట్ లైను ఎవరినీ ముట్టుకోనివ్వకండి.