రాజీనామా చేస్తేనే నిధులొస్తాయా?

హుజూరాబాద్ ఉప ఎన్నిక అనగానే చాలామందికి ఈటల రాజేందర్‌కు వచ్చిన 23,855 ఓట్ల మెజారిటీ గుర్తొస్తుంది. మాకైతే ఆ నాలుగు నెలలూ పక్క నియోజకవర్గాల్లో వినబడ్డ మాట గుర్తొస్తుంది: ‘మా ఎమ్మెల్యే కూడా రాజీనామా చేస్తే బాగుండు’. నవ్వుకుంటూ అన్న మాటే, కానీ అందులో కడుపుమంట ఉంది.

2021 మేలో భూముల ఆరోపణలపై ఈటలను మంత్రి పదవి నుంచి తీసేశారు. జూన్‌లో ఆయన ఎమ్మెల్యే పదవి వదులుకుని బీజేపీలో చేరారు. ఇక చూడండి, మంత్రులంతా నియోజకవర్గంలోని జమ్మికుంట, వీణవంక బాట పట్టారు, ఏళ్లుగా ఆగిన పనులకు రాత్రికి రాత్రే మంజూరు కాగితాలొచ్చాయి, ఆగస్టు 16న శాలపల్లిలో ముఖ్యమంత్రి కేసీఆర్ దళిత బంధు మొదలుపెట్టారు. 2018లో రైతుబంధు మొదలైందీ ఆ శాలపల్లిలోనే, అప్పుడు ఈటల ఆయన పక్కనే ఉన్న మంత్రి.

పథకాన్ని మేం తప్పుపట్టడం లేదు. తిరిగి కట్టే పనిలేకుండా, బ్యాంకు మేనేజర్ ముందు చేతులు కట్టుకుని నిలబడకుండా ఒక దళిత కుటుంబం చేతికి 10 లక్షలు రావడం చిన్న విషయమేం కాదు. మా గొడవల్లా లెక్క గురించే. హుజూరాబాద్‌లో అర్హులైన ప్రతి కుటుంబానికీ అన్నారు, ఆ తర్వాత మిగతా నియోజకవర్గాలకు వచ్చేసరికి తలా వంద కుటుంబాలన్నారు. ఇల్లెందు దళితుడికి, హుజూరాబాద్ దళితుడికి పేదరికంలో తేడా ఉందా? ఉన్న తేడా ఒక్కటే, ఒకచోట సీటు ఖాళీ అయింది, ఇంకోచోట కాలేదు.

పోలింగ్‌కు ముందు ‘మాకు డబ్బుల కవరు రాలేదు’ అని కొన్ని ఊళ్లలో జనం రోడ్డెక్కారు, సిగ్గుపడాల్సింది వాళ్లొక్కరేనా అన్నది వేరే సంగతి. అక్టోబర్ 30న ఓటేశారు. ఈటలకు 1,07,022, టీఆర్ఎస్ అభ్యర్థి గెల్లు శ్రీనివాస్ యాదవ్‌కు 83,167. మూడేళ్ల ముందు 60 వేలు దాటిన కాంగ్రెస్‌కు 3,014! పథకం మొదలైన శాలపల్లిలోనే బీజేపీకి ఎక్కువ ఓట్లు పడ్డాయి.

డబ్బుకు ఓటు లొంగలేదని అప్పట్లో చాలామంది మురిసిపోయారు. మేం అంత మురిసిపోలేకపోయాం, ఎందుకంటే మరుసటి ఏడాది మునుగోడు ఉప ఎన్నికలో మళ్లీ అదే జాతర, ఇంకా పెద్దగా. 2023లో హుజూరాబాద్ ఓటర్లు ఈటలను కూడా ఓడించారు. దళిత బంధు రెండో విడత డబ్బుల కోసం అక్కడి లబ్ధిదారులు 2024లో కూడా రోడ్డెక్కాల్సి వచ్చింది. అప్పుడు అక్కడ ఉప ఎన్నిక లేదు మరి.